పడితే లేపగలిగే బండి



వానలు వెనకపట్టి, కొండవాలులో వలిసె పూలు పసుపుగా విరిసే రోజులు వచ్చాయంటే మా ఇంటి ముందు బళ్ళు ఆగడం మొదలవుతుంది. విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, ఒక్కోసారి హైదరాబాదు నుంచి కూడా కుర్రాళ్ళు వస్తారు. వంజంగిలో మేఘాలు, లంబసింగిలో చలి చూసేశాక తారు లేని దారులు వెతుక్కుంటూ ఇటు దిగుతారు. తారురోడ్డు మా ఊళ్ళోనే ఆగిపోతుంది. ఆపైన కాఫీ తోటల్లోంచి మట్టిదారి, దాని తర్వాత కొండ. దారి అడగడానికి ఆగినవాళ్ళు మంచినీళ్ళు తాగుతూ పనసచెట్టు కింద ఉన్న మా చిన్నబండిని చూస్తారు. వాళ్ళలో ఒకరైనా తప్పకుండా అడుగుతారు, "అయ్యగారూ, ఇలాంటి దారికి మీరు పెద్దబండి కొనుక్కోవచ్చు కదా?"

అమ్మగారు నవ్వి, "కొన్నాం బాబూ" అంటారు.

ఆ జవాబు విన్నాక కుర్రాళ్ళు కూర్చుంటారు. వాళ్ళకి చెప్పిన సంగతే ఈ వారం మీకూ చెబుదామని అనిపించింది. కొత్తగా బండి కొనాలనుకుంటున్న మన సంఘ బిడ్డలు కూడా పెద్దదా చిన్నదా అని ఫోన్లు చేస్తున్నారు. ఈ మాటలు మేమిద్దరం కలిసి రాస్తున్నాం. ఒకరం చెబుతుంటే ఒకరం రాస్తున్నాం. ఎవరేం చేశారో చెప్పాల్సిన చోట, మీరంతా పిలిచినట్టే అయ్యగారు, అమ్మగారు అని రాసుకుంటాం. గొప్ప కోసం కాదు, ఇద్దరిలో ఎవరో తెలియడానికి.

మా ఊరి నుంచి పై ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. అక్కడ ముప్పై గడపలు ఉంటాయి. దారిలో రెండు గెడ్డలు దాటాలి. రెండో గెడ్డ దాటగానే ఎర్రమట్టి ఎక్కుడు ఒకటుంది. ఎండాకాలం అది పొడిపొడిగా రాలుతుంది, వానాకాలం సబ్బులా జారుతుంది. పద్నాలుగేళ్ళు ఆ దారిలో మేము వంద సీసీ బండి మీదే తిరిగాం. మీ ఇళ్ళలో ఉండే బండే అది. బరువు నూట పది కేజీల పైచిలుకు, కింద ఖాళీ జానెడుకన్నా తక్కువ, టైర్లు తారురోడ్డు కోసం చేసినవి. రాయి తగిలినప్పుడల్లా ఇంజను అడుగున టంగుమనేది. ఆ చప్పుడు వినిపిస్తే అమ్మగారు వెనక నుంచి "ప్రభువా" అనేవారు.

ఆ దారిలో అమ్మగారు బండి దిగే చోట్లు మూడు ఉండేవి. మొదటి గెడ్డ దగ్గర దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచేవారు. నీళ్ళు ఎంత లోతున్నాయో, అడుగున రాళ్ళెక్కడ ఉన్నాయో అలా నడిచినవాళ్ళకే తెలుస్తుంది. రెండో గెడ్డ దగ్గరా అంతే. ఎర్రమట్టి ఎక్కుడు దగ్గర చీర కుచ్చిళ్ళు బిగించి వెనక నుంచి తోసేవారు. అయ్యగారు హ్యాండిలు పట్టుకుని పక్కనే నడుస్తూ, మొదటి గేరులో క్లచ్ కొంచెం కొంచెంగా వదిలేవారు. పైకి చేరేసరికి ఇద్దరి ఒళ్ళూ మట్టిమయం. ఊరి పిల్లలు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు, మేమూ నవ్వేవాళ్ళం. అప్పట్లో దాన్ని కష్టమే అనుకున్నాం. అది మా పరిచర్యలో ఒక భాగమని తెలియలేదు.

పద్నాలుగేళ్ళకి ఆ బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. అమ్మగారి తమ్ముడు గల్ఫ్‌లో డ్రైవరుగా చేస్తున్నాడు. "బావగారూ, ఈసారి డబ్బులు నేను పంపుతాను. మంచి బండి తీసుకోండి, అక్క నడుము విరిగిపోతోంది" అన్నాడు. అన్నట్టే పంపాడు. ఎన్ని ఎండలు భరించి కూడబెట్టిన డబ్బో మాకు తెలుసు.

అప్పుడు మొదలైంది ఆలోచన, పెద్దదా చిన్నదా అని. మేము ఎలా ఆలోచించామో దాచకుండా చెబుతాం. బయటికి చెప్పిన కారణాలన్నీ మంచివే. పెద్దబండికి బలం ఎక్కువ. మందుల పెట్టె, బియ్యం మూట కట్టుకోవచ్చు. పాడేరు ఘాట్‌లో లారీల వెనక ఈడ్చుకుంటూ వెళ్ళక్కర్లేదు. ఇవన్నీ అబద్ధాలేం కావు. కానీ నెలకోసారి పాస్టర్ల కూడిక జరిగే చోటికి కొందరు కార్లలో వస్తారు. మేము పొగ కక్కుకుంటూ వెళ్ళి గోడవార బండి ఆపేవాళ్ళం. పెద్దబండి మీద వెళ్తే ఎలా ఉంటుందో ఇద్దరం మనసులో చూసుకున్నాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. చాలా నెలల తర్వాత చెప్పుకున్నాం.

తూకం సరిగ్గా తెలియాలి కాబట్టి, ఆ రోజుల్లో మేము కాగితం మీద రాసుకున్న లెక్కలు ఇక్కడ పెడుతున్నాం. మన దేశంలో మట్టిదారి కోసమే చేసిన చిన్నబండ్లలో చాలామందికి గుర్తున్నది 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, నూట యాభై సీసీ. అది ఆగిపోయాక అదే కంపెనీ 2019లో ఎక్స్‌పల్స్ 200 తెచ్చింది. బరువు నూట యాభై అయిదు కేజీల దరిదాపు, శక్తి పద్దెనిమిది గుర్రాలు. నేలకీ ఇంజనుకీ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. పెద్దవాటి వైపు చూస్తే, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో 411 సీసీతో వచ్చింది. 2023లో 452 సీసీ ఇంజనుతో కొత్తది వచ్చింది. దానికి నలభై గుర్రాల శక్తి, బరువు 196 కేజీలు. ఇంకా పైకి వెళ్తే బీఎమ్‌డబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ లాంటివి రెండొందల యాభై కేజీల దగ్గర తూగుతాయి. ఆ బరువులకి సామాను కలవలేదు, మనిషి కలవలేదు.

ఈ లెక్కల్లో మేము శక్తి గడి చూశాం, సీసీ గడి చూశాం. బరువు గడి కూడా చూశాం గానీ, బరువు ఎక్కువుంటే రోడ్డు మీద నిలకడగా ఉంటుందని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. చివరికి విశాఖలో ఒకరి దగ్గర పాత పెద్దబండి తీసుకున్నాం. దాని పేరు ఇక్కడ రాయం. జరిగినదానిలో ఆ బండి తప్పేమీ లేదు. అది మంచి బండి.

విశాఖ నుంచి దాని మీద ఇంటికి వచ్చిన రోజు ఎప్పటికీ మరిచిపోం. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, అందులో ఘాట్‌రోడ్డు. పాతబండి అయితే రెండో గేరులో మూలిగే మలుపుల్లో ఇది మూడో గేరులోనే నిశ్శబ్దంగా ఎక్కేసింది. గోతుల్లో పడ్డా నడుముకి తెలియలేదు. అమ్మగారు వెనక నుంచి, "తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాలి" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం మోకాళ్ళూని కృతజ్ఞతలు చెప్పుకున్నాం. తారురోడ్డు మీద ఆ బండి గురించి ఈ రోజుకీ మాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ శుక్రవారం పై ఊరికి బయల్దేరాం. ముందురోజు వాన పడింది. మొదటి గెడ్డ దాటాం. రెండోది కూడా దాటాం. ఎర్రమట్టి ఎక్కుడు దగ్గర అమ్మగారు అలవాటు ప్రకారం దిగబోతే, "కూర్చో, దీనికి బలం ఉంది" అన్నారు అయ్యగారు. బలం ఉన్నమాట నిజమే. ఆ బలానికే వెనక చక్రం ఒక్కచోట గిర్రున తిరిగింది. జారే మట్టిలో టైరుకి పట్టు దొరకనప్పుడు ఇంజను ఎంత గట్టిగా లాగితే అంత గొయ్యి పడుతుంది. బండి అడ్డం తిరిగి పక్కకి ఒరిగింది. చిన్నబండి ఒరిగితే కాలు మోపి ఆపొచ్చు. ఇది ఒక హద్దు దాటి ఒరిగాక ఎవరు ఆపితే ఆగుతుంది? అమ్మగారి కుడి మడమ వెనక పెట్టె కింద పడింది.

దేవుని దయవల్ల ఎముక విరగలేదు. మెత్తటి బురద కాబట్టి కాలు లోపలికి దిగింది. కానీ ఆ కాలు బయటికి రావాలంటే ముందు బండి లేవాలి. అయ్యగారు ఒక్కరే లాగారు. లేవలేదు. కాలు కింద ఇరుక్కునే అమ్మగారు చేత్తో తోశారు. అయినా లేవలేదు. ఎంతసేపని చెప్పగలం? పావుగంట కావచ్చు. సంత నుంచి తిరిగి వెళ్తున్న నలుగురు మనుషులు కావిళ్ళు దించి పరుగెత్తుకొచ్చారు. అందులో పెద్దాయన, "ఏటయ్యగారూ, గేదెను కొన్నారేటి?" అంటూనే బండి ఎత్తాడు. వాళ్ళు నలుగురు, అయ్యగారు అయిదో మనిషి.

మడమ వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. అసలు చెప్పాల్సినది ఆ వాపు గురించి కాదు, అది తగ్గాక జరిగినదాని గురించి.

వాపు తగ్గినా అమ్మగారు ఆ బండి మీద కొండకి రాలేదు. భయమని ఎప్పుడూ అనలేదు. "మీరు వెళ్ళిరండి, ఈ వారం ఇంట్లో పని ఉంది" అనేవారు. తర్వాతి వారం ఇంకో పని ఉండేది. అయ్యగారు సంఘంలోని ఇద్దరు కుర్రాళ్ళని ఇంకో బండి మీద తోడు తీసుకుని వెళ్ళేవారు. పడితే లేపడానికి మనుషులు కావాలి కదా. శ్రావణం వచ్చేసరికి కుర్రాళ్ళకి నాట్ల పని పడింది. అప్పటి నుంచి బండి తారురోడ్డు చివర ఆగిపోయేది. అయ్యగారు నడిచి వెళ్ళగలిగిన వారం వెళ్ళేవారు, లేని వారం లేదు. ఆరు నెలల్లో అమ్మగారు పై ఊరికి వెళ్ళింది రెండే సార్లు, రెండుసార్లూ నడిచే. పద్నాలుగేళ్ళుగా "మేము వస్తున్నాం" అని కబురు పంపేవాళ్ళం. ఆ ఆరు నెలలూ "అయ్యగారు వస్తున్నారు" అని వెళ్ళింది కబురు.

శుక్రవారం స్త్రీల కూడిక అమ్మగారు లేకుండా ఎలా నడుస్తుంది? ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు, పాట పాడేవాళ్ళు, తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ప్రార్థన అయ్యాక పొయ్యి దగ్గర చోడి అంబలి తాగుతూ అమ్మగారితో చెప్పుకునే మాటలు ఒకటుంటాయి. అవి అయ్యగారితో చెప్పరు, చెప్పలేరు కూడా.

పై ఊళ్ళో ఒక అమ్మాయి ఉంది. పేరు రాయం. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివేది. సెలవులకి వచ్చినప్పుడల్లా అమ్మగారి పక్కనే కూర్చుని జడ వేయించుకునేది. ఆ ఆరు నెలల్లో ఆ పిల్ల బడి మానేసింది. తల్లికి ఒంట్లో బాగోలేదు, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు, ఇంట్లో పనికి మనిషి లేదు. ఆ సంగతి మాకు తెలిసేసరికి మూడు నెలలు దాటిపోయింది. అయ్యగారు ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళారు, ప్రార్థన చేశారు, వచ్చారు. పిల్ల నీళ్ళిచ్చింది. సెలవులకి వచ్చి ఉంటుందనుకున్నారు.

అమ్మగారు నడిచి వెళ్ళిన రెండోసారి ఆ పిల్ల జడ వేయించుకోవడానికి రాలేదు. దూరం నుంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మగారు వెంట వెళ్ళి అడిగితే అప్పుడు చెప్పింది. "మీరు వస్తే చెబుదామనుకున్నాను. మీరు రాలేదు" అంది.

ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి బండే కారణమని అనలేం. పేదరికం ఉంది, తల్లి జబ్బు ఉంది. కానీ ఆ మాట విన్నాక మేము ఆ రాత్రి అన్నం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాం. ఆ రాత్రే పాస్టర్ల కూడిక సంగతి ఒకరికొకరం ఒప్పుకున్నాం.

ఇలాంటప్పుడు ప్రసంగాల్లో సౌలు కవచం కథ చెప్పడం సులువు. దావీదు ఆ కవచం తొడుక్కుని నడవలేక తీసేశాడని మీ అందరికీ తెలుసు. మేమూ అదే కథతో మమ్మల్ని ఓదార్చుకోబోయాం. కానీ దావీదుకి ఆ కవచం ఇంకొకరు తొడిగారు. మేము కోరి తెచ్చుకుని తొడుక్కున్నాం. అతను అడుగు వేసి చూసి వెంటనే తీసేశాడు. మేము ఆరు నెలలు మోశాం.

ఆ నవంబరులోనే నలుగురు కుర్రాళ్ళు విశాఖ నుంచి వచ్చి మా పెరట్లో డేరాలు వేసుకున్నారు. రెండు పెద్దబళ్ళు, రెండు చిన్నబళ్ళు. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు దొరికితే ఇలా అడవిదారుల్లో తిరగడం వాళ్ళ సరదా. రెండు రోజులు వాళ్ళతో మాట్లాడాక మాకు చాలా తెలిసింది. పెద్దబండి, చిన్నబండి గొడవ ప్రపంచమంతా ఉందట. 2004లో యూవన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా బయల్దేరి న్యూయార్క్ దాకా బీఎమ్‌డబ్ల్యూ పెద్దబళ్ళ మీద వెళ్ళారు. మంగోలియా బురదలో పడుతూ లేస్తూ అల్లాడిపోయారు. కెమెరామన్ బండి దెబ్బతింటే అక్కడే ఒక రష్యా చిన్నబండి కొనుక్కుని దాని మీద సాగారు. అంతకు ముందే, 2003లో, లోయిస్ ప్రైస్ అనే ఆవిడ 225 సీసీ యమహా మీద ఒంటరిగా అలాస్కాలో బయల్దేరి దక్షిణ అమెరికా కొస దాకా వెళ్ళింది. ఎడారుల్లో పరుగెత్తే డాకర్ పోటీలో కూడా 2011 నుంచి 450 సీసీ దాటిన బళ్ళని రానివ్వడం లేదు. 2015లో ఆ పోటీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు, బెంగళూరుకి చెందిన సి.ఎస్. సంతోష్, నడిపింది కూడా 450 సీసీ బండే.

అమ్మగారు ఇవన్నీ విని, "ఆవిడ బండి పడితే ఎవరు లేపారు?" అని అడిగారు. కుర్రాళ్ళు ఒక్క క్షణం ఆగి, "ఆవిడే లేపుకుని ఉంటుందమ్మా" అన్నారు. ఆ జవాబే మాకు పనికొచ్చింది.

మర్నాడు వాళ్ళతో ఎర్రమట్టి ఎక్కుడు దాకా వెళ్ళి చూశాం. నలుగురూ బాగా నడిపేవాళ్ళే. పెద్దబళ్ళవాళ్ళు వేగం తగ్గకుండా, పెడళ్ళ మీద నిలబడి, చూపు దూరంగా పెట్టి ఎక్కారు. ఒకరు ఎక్కేశారు. ఒకరు మధ్యలో ఆగిపోయారు. ఆగాక కష్టం మొదలైంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ముగ్గురు పట్టుకుని దించారు. చిన్నబళ్ళవాళ్ళు కూడా జారారు, ఒకరైతే రెండుసార్లు పడ్డారు. పడ్డవాడు పక్కవాళ్ళు వచ్చేలోపే బండి లేపుకుని మళ్ళీ ఎక్కాడు. తేడా అక్కడ కనిపించింది. మట్టిదారిలో ఎవరైనా పడతారు. పడ్డాక ఏమవుతుందన్నదే లెక్క.

తర్వాతి పని ఫోన్ చేయడం. అది కొండ ఎక్కడం కన్నా కష్టమైంది. అమ్మేస్తే డబ్బు కొంత పోతుంది, అది తమ్ముడి చెమట. "బండి నచ్చలేదా బావగారూ?" అన్నాడు. "బండి బాగానే ఉంది బాబూ. మీ అక్క ఎక్కలేకపోతోంది" అన్నారు అయ్యగారు. అటువైపు కాసేపు మాట లేదు. "అక్క కోసమే కదా పంపాను" అన్నాడు చివరికి. అందులో కోపం లేదు. అయినా ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది. అమ్మితే ఇరవై రెండు వేలు తగ్గింది. ఆ సంగతీ చెప్పాం. "పోనీలెండి" అన్నాడు.

చిన్నబండి కొనేటప్పుడు ఈసారి కాగితం మీద లెక్కలు రాయలేదు. రెండొందల సీసీ పాతబండి ఒకటి అమ్మకానికి ఉందంటే నర్సీపట్నం వెళ్ళాం. అయ్యగారు ఇంజను చప్పుడు విన్నారు, గొలుసు చూశారు, ముందు ఫోర్కుల దగ్గర నూనె కారుతోందేమో చూశారు. అంతా అయ్యాక అమ్మగారు, "దీన్ని ఒకసారి పడుకోబెట్టండి" అన్నారు. అమ్మే ఆయనకి అర్థం కాలేదు. ఇంట్లోంచి పాత బొంత తెప్పించి నేల మీద పరిచి, బండిని దాని మీద మెల్లగా ఒరగబెట్టాం. మేమిద్దరం హ్యాండిలు ఒకరం, వెనక పట్టీ ఒకరం పట్టుకుని లేపాం. లేచింది. అమ్మగారు ఒక్కరే ఇంకోసారి ప్రయత్నించారు. సగం లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. ఆ పెద్దమనిషి, "ఇన్నేళ్ళలో బండి ఇలా చూసి కొన్నవాళ్ళని చూడలేదమ్మా" అన్నాడు.

బండి లేపడంలో ఒక పద్ధతి ఉంది. కుర్రాళ్ళు నేర్పినది మీకూ చెబుతాం. ముందు ఇంజను ఆపండి. కుడి వైపు పడితే లేపకముందే సైడ్ స్టాండు వేసుకోండి, లేచాక అటు పడిపోకుండా ఉంటుంది. గేరులో ఉంచండి, జారదు. హ్యాండిలు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి వెనక పట్టీ మీద వేయండి. వీపు నిటారుగా ఉంచి, కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవండి. నడుముతో లాగితే బండి లేవకపోగా మీరు పడతారు.

ఇంకో రెండు మాటలు. తారు దాటాక టైర్ల గాలి కొంత తగ్గించుకుంటే మట్టిలో పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు చిట్లుతుంది, కాబట్టి కాలిపంపు వెంట ఉండాలి. గెడ్డ దాటే ముందు నడిచి చూడండి. నీళ్ళు ఇంజను గాలి పీల్చే చోటికి అందేలా ఉంటే దాటకండి. బండి నీళ్ళలో పడి ఆగిపోతే వెంటనే స్టార్ట్ చేయకండి, లోపల నీళ్ళుంటే ఇంజను విరుగుతుంది. ప్లగ్గు విప్పి నీళ్ళు పోయాకే ప్రయత్నించండి.

పెద్దబండి వద్దని మేము చెప్పడం లేదు. అలా చెబితే అబద్ధమవుతుంది. హైదరాబాదు నుంచి లడఖ్ దాకా వెళ్ళేవాళ్ళకి, రోజుకి నాలుగైదు వందల కిలోమీటర్లు హైవే మీద సామానుతో పోయేవాళ్ళకి చిన్నబండి శిక్షే. ఎదురుగాలికి, లారీల పక్కన, గంటల తరబడి పూర్తి థ్రాటిల్‌లో ఇంజనూ అలుస్తుంది, మనిషీ అలుస్తాడు. మా చిన్నబండి మీద విశాఖ వెళ్ళొస్తే ఇప్పుడు అమ్మగారికి రెండు రోజులు నడుము నొప్పి. తమ్ముడు భయపడినట్టే అయింది. అది మేము ఎంచుకున్న నొప్పి. నెలకోసారి వచ్చేది అది, వారం వారం పిలిచేది కొండ.

కాబట్టి బిడ్డలారా, బండి కొనేముందు మీరు మమ్మల్ని అడగాల్సిన అవసరం లేదు. మూడు ప్రశ్నలు మిమ్మల్ని మీరు అడగండి. నెలలో ఎక్కువ రోజులు ఏ దారిలో తిరుగుతారు? ఏడాదికోసారి పోయే దారి కోసం రోజూ ఆ బరువు మోయకండి. మీరు వెళ్ళే చోట పంక్చరు పడితే, కేబులు తెగితే బాగుచేసే మనిషి ఉన్నాడా? సంతలో కూర్చునే మెకానిక్కు విప్పగలిగిన బండి అయితే సగం ధైర్యం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పడితే మీరు, మీ వెంట వచ్చేవాళ్ళు కలిసి దాన్ని లేపగలరా? వెంట వచ్చేవాళ్ళని మరిచిపోయి కొన్నామంటే, కొన్నాళ్ళకి వెంట రావడం వాళ్ళే మానేస్తారు. ఇది మేము పడి తెలుసుకున్నాం.

పోయిన శుక్రవారం పై ఊరికి వెళ్ళాం. మొదటి గెడ్డలో నీళ్ళు మోకాళ్ళ కింద ఉన్నాయి. అమ్మగారు చెప్పులు చేత పట్టుకుని ముందు నడిచారు. ఎర్రమట్టి ఎక్కుడు దగ్గర దిగి తోశారు. సగంలో బండి పడింది. ఇద్దరం లేపాం. పైకి చేరేసరికి పిల్లలు నవ్వారు.

ఆ అమ్మాయి జడ వేయించుకుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టడానికి దరఖాస్తు కాగితం తీసుకెళ్ళాం. వాళ్ళ నాన్న దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, వచ్చే వారం చెబుతానన్నాడు. ఏమంటాడో తెలియదు. ఆ ఇంటి కోసం ప్రార్థన చేయండి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడిని కూడా జ్ఞాపకం చేసుకోండి.

వచ్చే శుక్రవారం మేము మళ్ళీ వెళ్తున్నాం.